ఆవకాయ పెట్టాకే స్పెయిన్

2017లో ఇంగ్లండ్ చలికాలమంతా మా ఇంట్లో స్పెయిన్ కబుర్లతోనే గడిచింది. అప్పుడు మేం రెడింగ్‌లో ఉండేవాళ్ళం. సాయంత్రం నాలుగున్నరకే చీకటి. హీటర్ మీద బట్టలు ఆరేసి, ఆ పక్కనే డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని మా ఆయన టికెట్ల ధరలు చూసేవారు, నేను ఊళ్ళు చూసేదాన్ని. మా అమ్మాయి రెండో తరగతి. దానికి స్పెయిన్ అంటే ఈత, ఐస్‌క్రీమ్. అనకాపల్లి నుంచి వీడియో కాల్‌లో అమ్మా నాన్నా. వాళ్ళకి అప్పటికి రాత్రి పదయ్యేది, అయినా ఫోన్ పెట్టేవాళ్ళు కాదు.

అమ్మావాళ్ళు లండన్ అంతకు ముందే చూసేశారు. మ్యూజియాలంటే అమ్మకి మోకాళ్ళ నొప్పులు గుర్తొస్తాయి. ఈసారి వస్తే ఓ వారం ఎండ కాసే సముద్రపు ఒడ్డుకి తీసుకెళ్ళాలని మా ఆయన కోరిక. "సముద్రం చూడ్డానికి అంత దూరమెందుకు అల్లుడుగారూ, పూడిమడక ఇక్కడే ఉంది కదా" అనేది అమ్మ. కానీ ఆవిడ అసలు బెంగ సముద్రం గురించి కాదు, నెల గురించి.

ఇంగ్లండ్ బళ్ళకి మే ఆఖర్లో ఓ వారం సెలవులుంటాయి, హాఫ్ టర్మ్ అంటారు. ఆ ఏడాది మే 29 సోమవారం బ్యాంక్ హాలిడేతో మొదలైంది. స్పెయిన్‌లో అప్పుడే ఎండాకాలం తలుపు తీస్తుంది. జూలై, ఆగస్టుల్లో ఉండే తొక్కిసలాట ఇంకా మొదలవదు. మాకు అంతకంటే మంచి వారం దొరకదు. అనకాపల్లిలో మాత్రం అది మామిడిపళ్ళ కాలం. ఆవకాయ పెట్టుకోవాలి, మాగాయ ముక్కలు ఎండబెట్టుకోవాలి, సువర్ణరేఖలు బుట్టలకొద్దీ తినాలి. మే నెలలో ఊరు వదిలి రమ్మంటే అమ్మకి అది ఏడాది కష్టం అంతా పోగొట్టుకోవడమే. "టెంక కట్టనివ్వండి, ఆవకాయ పెట్టాక టికెట్ తీసుకోండి" అని తేల్చి చెప్పేసింది. మా ఆయన ఎక్సెల్ షీట్‌లో మొదటి గడిలో 'ఆవకాయ - ఏప్రిల్ ఆఖరు వారం' అని రాసుకున్నారు. మిగతావన్నీ దాని కిందే.

బడి మానిపించి జూన్ మధ్యలో వెళ్దామా అని కూడా అనుకున్నాం, టికెట్లు సగానికి సగం తగ్గుతాయి. కానీ ఇక్కడ కారణం లేకుండా బడి మానిపిస్తే అప్పట్లో తల్లికీ తండ్రికీ చెరో 60 పౌండ్లు జరిమానా. ఆ ఏప్రిల్ 6నే సుప్రీంకోర్టు కూడా బడి రూల్సు పాటించాల్సిందేనని ఒక తండ్రి కేసులో తీర్పిచ్చింది. టీవీలో అదే చర్చ. మా ఆయన లెక్క వేసి చూశారు: జరిమానా కట్టినా చవకే పడుతుంది! నేను ఒప్పుకోలేదు. టీచరు ముఖం ఎలా చూడటం?

ఇక ఊరు. బెనిడోర్మ్‌ని మొదటి రోజే కొట్టేశాం, సముద్రం ఒడ్డున ఆకాశమంత బిల్డింగులు, అంత దూరం వెళ్ళి అపార్టుమెంట్లు చూడటం దేనికి. సిట్జెస్ బార్సిలోనా పక్కనే, రైల్లో వెళ్ళొచ్చు, కానీ ధరలు ఎక్కువ. కదకేస్ నాకు చాలా నచ్చింది. తెల్లటి ఇళ్ళు, పక్కనే పోర్ట్‌యిగాట్‌లో చిత్రకారుడు డాలీ ఇల్లు. అయితే కొండ మలుపుల దారి, అమ్మకి బస్సులో కడుపులో తిప్పుతుంది. సాన్ సెబాస్టియన్ బీచ్ అందం అందమే గానీ ఉత్తరాన వానలు ఎక్కువ. రెడింగ్ వాన చాలదా?

మా ఆఫీసులో దక్షిణ స్పెయిన్‌లోని మాలగా నుంచి వచ్చిన అమ్మాయి ఒకామె ఉండేది. లంచ్ టైమ్‌లో నా ఫోన్ లాక్కుని, మ్యాప్‌లో మాలగాకి తూర్పున యాభై కిలోమీటర్ల దూరంలో ఒక చోట వేలు పెట్టింది. నెర్హా. "అమ్మానాన్నలతో వెళ్తున్నావు కదా, ఇక్కడికి వెళ్ళు. సాయంత్రం పెద్దవాళ్ళందరూ బాల్కనీ మీదికి వచ్చి కూర్చుంటారు" అంది. బాల్కనీ అంటే ఇంటి బాల్కనీ కాదు, ఊరు మధ్యలో కొండచరియ సముద్రంలోకి పొడుచుకొచ్చిన చోటు. పూర్వం అక్కడ కోట ఉండేది. 1884 డిసెంబర్ 25న ఆ అండలూసియా ప్రాంతంలో పెద్ద భూకంపం వచ్చింది. ఆ నష్టం చూడ్డానికి మరుసటి నెలలో వచ్చిన రాజు పన్నెండో అల్ఫోన్సో అక్కడ నిలబడి దానికి 'ఐరోపా బాల్కనీ' అని పేరు పెట్టాడంటారు. ఆయన కంచు విగ్రహం ఇప్పటికీ అక్కడే రెయిలింగ్‌కి ఆనుకుని నిలబడి ఉంటుంది, మనిషి ఎత్తులో. మా అమ్మాయి ఫోటో చూడగానే "ఈ తాతతో నేను ఫోటో దిగుతా" అంది.

ఆ రాత్రి వీడియో కాల్‌లో నెర్హా సంగతి చెప్పాను. అమ్మ "గుహలు కూడా ఉన్నాయా? బొర్రా చూశాం కదే" అంది. నిజమే, నెర్హా గుహలు ఆ ఊరికి పెద్ద పేరు. 1959 జనవరి 12న ఐదుగురు కుర్రాళ్ళు గబ్బిలాల కోసం వెళ్ళి బయటపెట్టారు. లోపల 32 మీటర్ల ఎత్తు స్తంభం ఉంది. అమ్మకి అవేమీ పట్టలేదు, మెట్లెన్ని అని అడిగింది.

నాన్న మాత్రం ఏమీ మాట్లాడలేదు. మరునాడు మా ఇంట్లో తెల్లారకముందే ఆయన ఫోన్. "ఒరే తల్లీ, ఆ ఊరు పక్కన మారో అని ఉంది చూశావా? అక్కడ చెరకు ఫ్యాక్టరీ ఉండేదట!"

నాన్న పాతికేళ్ళకి పైగా సుగర్ ఫ్యాక్టరీలో కెమిస్టుగా పనిచేశారు. క్రషింగ్ సీజన్‌లో ఆయన చొక్కాలకి మొలాసిస్ వాసన ఎన్ని ఉతుకులకీ పోయేది కాదు. అనకాపల్లిలో బెల్లం మార్కెట్, 1913లో పెట్టిన చెరకు పరిశోధనా కేంద్రం, గానుగలు, దిమ్మలు, ఆయన లోకం అదే. రిటైరయ్యాక పేపరు చదవడం, మందులు వేసుకోవడం తప్ప దేనిమీదా పెద్దగా ఆసక్తి చూపించలేదు. అలాంటి మనిషి ఒక్క రాత్రిలో నిద్ర మానేసి స్పెయిన్ చెరకు చరిత్ర తవ్వేశారు. మాలగా నుంచి మోత్రిల్ దాకా ఆ తీరమంతా ఒకప్పుడు చెరకు తోటలేనట. అరబ్బులు తెచ్చి నాటారు. కొలంబస్ 1493లో రెండోసారి వెళ్తూ కానరీ దీవుల నుంచి చెరకు గడలు అమెరికా వైపు పట్టుకెళ్ళాడు. ఆ స్పెయిన్ తీరంలో ఆఖరి పంచదార మిల్లు సలోబ్రేన్యాలో 2006లో మూతపడింది. "మన దగ్గరా అదే వరస కదా" అన్నారు నాన్న. ఆ తర్వాత కాసేపు ఆయన గొంతు వినపడలేదు, సిగ్నల్ పోయిందనుకున్నాను.

అక్కడి నుంచి ప్లాను మా చేతుల్లో లేదు. నాన్న దగ్గర నాలుగు గీతల లాంగ్ నోట్‌బుక్ ఒకటి వచ్చింది. ఎడమ పేజీలో ఆయన చూడాలనుకున్నవి, కుడి పేజీలో మిగతా కుటుంబం కోరికలు. ఎడమ పేజీ మొదటి పేరు గ్రద్ద అక్విడక్ట్. మారోలో ఆ సాన్ హోకీన్ చెరకు మిల్లుకి లోయ మీదుగా నీళ్ళు తేవడానికి పందొమ్మిదో శతాబ్దంలో కట్టిన ఇటుకల వంతెన అది. ఒకదాని మీద ఒకటి నాలుగు వరసల్లో 37 కమానులు. నాన్న వాటిని ఫోటోలో పెద్దది చేసి లెక్కపెట్టారు, రెండు చెట్టు చాటున పడ్డాయని ఫిర్యాదు చేశారు. రోమన్లు కట్టారేమో అని మా ఆయన అంటే "రోమన్లకి పంచదార ఎక్కడిదండీ" అని నవ్వారు.

వీసాకి ఈ నోట్‌బుక్కే పనికొచ్చింది. అప్పటికి మా అందరివీ ఇండియన్ పాస్‌పోర్టులే. ఇంగ్లండ్‌లో ఉంటున్నా సరే, స్పెయిన్‌కి షెంజెన్ వీసా, చాలా ఐరోపా దేశాలకి కలిపి ఇచ్చేది, కావాలి. మాకు లండన్‌లో, అమ్మావాళ్ళకి హైదరాబాదులో. అప్పట్లో పెద్దవాళ్ళకి తలా 60 యూరోలు, 30,000 యూరోలకి తగ్గని ట్రావెల్ ఇన్సూరెన్సు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, హోటల్ బుకింగులు, ఏ రోజు ఎక్కడ ఉంటారో రాసిన కాగితం. చాలామంది ఈ కాగితం ఇంటర్నెట్‌లో దొరికిన నమూనా చూసి నింపేస్తారు. నాన్న మూడు పేజీలు రాశారు, ల్యాబ్ రిపోర్టు రాసినట్టు. మంగళవారం ఉదయం: అక్విడక్ట్, ఎండ తూర్పు నుంచి పడుతుంది కాబట్టి ఫోటోకి మంచిది. బుధవారం: ఫ్రిహిలియానా, చెరకు పాకం ఫ్యాక్టరీ. 'బీచ్' అన్న మాట మొత్తానికి ఒక్కసారే వచ్చింది, అదీ మనవరాలి కోసం. వీసా ఆఫీసరు ఇది చదివి ఏమనుకుంటారో అని నాకు టెన్షన్.

గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాదు వెళ్ళి వేలిముద్రలు ఇచ్చొచ్చారు. నాన్నవి ఓ పట్టాన పడలేదు, కౌంటర్లో కుర్రాడు చేతులు తుడుచుకోమని తడి కాగితం ఇచ్చి మళ్ళీ మళ్ళీ పెట్టించాడట. పాస్‌పోర్టులు తిరిగి వచ్చేదాకా అమ్మ రోజూ కొరియర్ అబ్బాయి కోసం గేటు వైపు చూడటం, వీసా రాకపోతే ఎంచక్కా మామిడిపళ్ళు తినొచ్చు అనడం. రెండూ ఒకే నోటితో. వీసాలు వచ్చాయి.

ఇల్లు వెతకడం నా వంతు. బురియానా అని అక్కడ పెద్ద బీచ్, కానీ ఊళ్ళోంచి దిగే దారి నిట్టనిలువు. స్ట్రీట్ వ్యూలో ఆ దారెంట అమ్మ కళ్ళతో నడిచి చూశాను. దిగడం సరే, ఎక్కేదెవరు? చివరికి బాల్కనీకి దగ్గర్లో సందులో రెండు గదుల ఫ్లాటు తీసుకున్నాం, లిఫ్టు ఉందని ఓనరుతో రెండుసార్లు చెప్పించుకుని మరీ. నెర్హాకి రైలు లేదు. మాలగా నుంచి అల్సా బస్సు. ఆ టైమింగులన్నీ ప్రింటు తీసుకున్నాం, మ్యాపులు కూడా. ఐరోపా యూనియన్ అంతటా రోమింగ్ చార్జీలు ఎత్తేసింది ఆ జూన్ 15న, మేం వెళ్ళొచ్చాక. డబ్బు సంగతీ అంతే. అంతకు ముందు ఏడాది బ్రెగ్జిట్ ఓటింగ్ ముందు పౌండుకి 1.30 యూరోల దాకా వచ్చేది, మేం మార్చేసరికి 1.15 దగ్గర కొట్టుకుంటోంది. మా ఆయన రోజూ పొద్దున్నే రేటు చూసి నిట్టూర్చేవారు.

అన్నిటికంటే ఎక్కువ చర్చ తిండి మీద జరిగింది. అమ్మ సోమ, శనివారాలు నీచు ముట్టదు. స్పెయిన్‌లో శాకాహారం అని చెప్పినా సలాడ్‌లో టూనా ముక్కలు చల్లి తెస్తారు, బీన్స్ కూరలో హమోన్ అనే పందిమాంసం ముక్కలు కనిపిస్తాయి. మాలగా అమ్మాయి ఒక చీటీ రాసిచ్చింది, అమ్మ తినగలిగినవి: టమాటా రుద్దిన రొట్టె, గజ్పాచో అనే చల్లటి టమాటా సూప్, బాదం వెల్లుల్లి నూరి చేసే చల్లటి అహోబ్లాంకో, ఇంకా వేయించిన వంకాయ మీద చెరకు పాకం. ఈ చివరిది వినగానే అటు నాన్న కుర్చీలోంచి లేచారు, ఇటు అమ్మ "వంకాయ మీద బెల్లం పాకమా, ఖర్మ" అంది. నాన్నకి చేపలు ఇష్టం. అక్కడి బీచ్‌లో పాత పడవల్లో ఇసుక పోసి, నిప్పులు పెట్టి, సార్డీన్లని పుల్లకి గుచ్చి కాలుస్తారు. మన కవళ్ళే. మే నుంచి ఆగస్టు దాకా వాటికి కొవ్వు పట్టి రుచిగా ఉంటాయట. సరిగ్గా మేం వెళ్ళే సమయం.

రాత్రి భోజనం ఇంకో చిక్కు. అక్కడ తొమ్మిదైతే గానీ ఎవరూ తినరు, తొమ్మిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది. నాన్నకి ఏడున్నరకి కంచం ముందు ఉండాలి, షుగర్ మాత్రలు. అందుకని వంటిల్లున్న ఫ్లాటు. చిన్న రైస్ కుక్కర్ పట్టుకెళ్దామని అమ్మ, అక్కర్లేదని మా ఆయన. మాకున్నవి చేతిలో పట్టుకెళ్ళే బ్యాగులే, చెక్-ఇన్ లగేజీకి విడిగా డబ్బు అడుగుతారు. కుక్కర్ ఆగిపోయింది గానీ ఆవకాయ ఆగలేదు. అప్పట్లో చేతి బ్యాగులో నూనెతో ఉన్నదేదైనా వంద మిల్లీలీటర్లు మించకూడదు. అమ్మ ఇండియా నుంచి తెచ్చిన కొత్తావకాయని హోటళ్ళలో ఇచ్చే షాంపూ సీసాల సైజు ప్లాస్టిక్ సీసాల్లోకి ఎక్కించడం నాకింకా కళ్ళకి కట్టినట్టుంది. మామిడి ముక్క మూతిలో పట్టదు. కత్తిపీట లేదు. రెడింగ్ వంటింట్లో నేల మీద కూర్చుని, చాకుతో ఒక్కో ముక్కని నాలుగుగా కోసి, టెంక తీసి పక్కన పెట్టి, చెంచా వెనక భాగంతో లోపలికి నెట్టింది. మనిషికో సీసా, చిన్నదానితో సహా. అప్పుడు ఎయిర్‌పోర్టులో పారదర్శకంగా ఉండే సంచీలో పెట్టి ట్రేలో పెట్టాల్సి వచ్చేది కదా. ఎర్రగా ఐదు సీసాలు, నూనె పైకి తేలి. గాట్విక్‌లో సెక్యూరిటీ ఆవిడ ఒకటి చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, అమ్మ ముఖం చూసి, మళ్ళీ ట్రేలో పెట్టేసింది.

వెళ్ళాం. ప్రయాణం గురించి పెద్దగా చెప్పడానికేమీ లేదు, అన్నీ అనుకున్నట్టే జరిగాయి, అదే విచిత్రం. నీళ్ళు మాత్రం గడ్డకట్టేంత చల్లగా ఉన్నాయి. జిబ్రాల్టర్ దగ్గర నుంచి అట్లాంటిక్ నీరు లోపలికి రావడం వల్ల ఆ వైపు తీరంలో ఎండాకాలం మొదట్లో సముద్రం వేడెక్కదట. మా అమ్మాయి ఒక్కత్తే దిగింది. అక్విడక్ట్ దగ్గర నాన్న గొడుగు వేసుకుని చాలాసేపు నిలబడ్డారు, చెట్టు చాటున ఉన్న రెండు కమానులు లెక్క సరిచూసుకుని మరీ. అది ఇప్పటికీ పొలాలకి నీళ్ళు ఇస్తోందని తెలిసి ఆయన ముఖం వెలిగిపోయింది.

ఫ్రిహిలియానా సంగతి మాత్రం చెప్పాలి. నెర్హా పైన కొండ మీద తెల్లటి ఊరు. ఐరోపా ప్రధాన భూభాగంలో ఇంకా చెరకు పాకం తీసే ఫ్యాక్టరీ అదొక్కటే అంటారు. లోపలికి వెళ్ళనివ్వలేదు, కింద కొట్టులో సీసాలు అమ్ముతున్నారు. నాన్న రుచి చూపించమని సైగ చేశారు. చెంచాలో పోసిచ్చిన పాకాన్ని నోట్లో వేసుకోకుండా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి సాగదీశారు. తీగ వచ్చింది. జేబులోంచి కాగితం తీసి 'బ్రిక్స్' (పాకంలో చక్కెర ఎంతుందో చెప్పే కొలత) అని ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, పక్కన పెద్ద ప్రశ్నార్థకం పెట్టారు. కొట్టులో అమ్మాయి ఆ కాగితం పట్టుకుని వెనక్కి వెళ్ళి, నీలం కోటు వేసుకున్న పెద్దమనిషిని వెంటబెట్టుకొచ్చింది. ఆయన చూసి ఒక అంకె రాశాడు. నాన్న తల అడ్డంగా ఊపి, దాని కింద ఇంకో అంకె రాశారు. ఆయన నవ్వి, మళ్ళీ లోపలికి వెళ్ళొచ్చి, తన అంకె కొట్టేశాడు. ఆ తర్వాత ఇద్దరికీ ఒక్క మాట కూడా కలవకుండానే, కాగితం అటూ ఇటూ నిండిపోయేదాకా మాట్లాడుకున్నారు. మేం బయట అరుగు మీద కూర్చుని ఐస్‌క్రీమ్ తిన్నాం. వంకాయ వేపుడు మీద పాకం అమ్మకి తెగ నచ్చింది, ప్రతి పూటా అదే అడిగింది. ఇప్పుడు అనకాపల్లిలో కూడా చేస్తుంది, నల్లబెల్లంతో.

ఇప్పుడు మా పాస్‌పోర్టులు మారాయి, స్పెయిన్ వెళ్ళాలంటే మాకు వీసా అక్కర్లేదు. పోయినసారి మేం ముగ్గురమే పోర్చుగల్ వెళ్తే ఊరు, ఇల్లు, విమానం అన్నీ మా ఆయన బస్సులో ఆఫీసుకి వెళ్తూ ఫోన్‌లో బుక్ చేసేశారు. ఎవరూ ఎవరితోనూ పోట్లాడలేదు, ఎవరూ ఏమీ చదవలేదు. ఎక్కడ దిగామో ఇప్పుడు ఊరి పేరు అడిగితే నేను తడుముకోవాలి.

నెర్హా నుంచి తిరిగి వచ్చే బస్సులో నాన్న కిటికీ పక్కన కూర్చుని, కొండ మెట్ల మీద చెట్లు చూపించారు. మామిడి చెట్లు! ఆ తీరంలో చెరకు పోయిన చోట్ల ఇప్పుడు మామిడి, అవకాడో వేస్తున్నారు. మన సీతాఫలం జాతి పండు చిరిమోయా కూడా. అమ్మ కళ్ళజోడు సవరించుకుని చూసింది. కాయలు ఇంకా గోలీకాయలంత ఉన్నాయి. అక్కడ పళ్ళు పండేది సెప్టెంబర్, అక్టోబర్‌లోనే అని నోట్‌బుక్ చూసి చెప్పారు నాన్న.

ఈ మధ్య ఫోన్‌లో మళ్ళీ ఆ మాటే ఎత్తారు. ఈసారి సెప్టెంబర్‌లో వెళ్దాం, మామిడిపళ్ళు ఉంటాయి, మోత్రిల్‌లో చెరకు మ్యూజియం కూడా ఉంది, కిందటిసారి చూడలేదు అని. కొత్త నోట్‌బుక్ కూడా కొన్నారట. వెనక నుంచి అమ్మ గొంతు: "నా మామిడిపళ్ళు మానిపించి తీసుకెళ్ళి పిందెలు చూపించారు. ఇప్పుడు పళ్ళు తినడానికి వినాయక చవితి మానుకోమంటారా? ముందు తేదీలు చెప్పమను, పంచాంగం చూడాలి."